లీటరుకు ఇరవై నాలుగు

"ఇవాళ గనక ఆ లేన్లోకి తిప్పలేదో, నేను నడిరోడ్డు మీద దిగిపోతాను జగదీశూ!" వెనక సీట్లోంచి బసవపున్నయ్య గారు గర్జించారు.

జగదీశ్ స్టీరింగ్ మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు.

"లేన్ల పోతే అరవైల కొట్టాలె సార్. ఇంజన్ ఆన్ అయితది, మైలేజీ ఖరాబైతది. గిప్పుడు చూడుండ్రి, లీటరుకు ఇరవై నాలుగు!"

"నీ ఇరవై నాలుగు చూసి నా లేటు మాఫీ చేస్తారటయ్యా? ఈ నెల ఇప్పటికే రెండుసార్లు. మూడోసారి వేలిముద్ర ఆలస్యంగా పడితే అరపూట సెలవు గోవిందా!"

గొడవంతా ఆ కొత్త లేను గురించే. ఐటీ పార్కు వాళ్లు పోలీసులతో మాట్లాడి, పోయిన సోమవారం నుంచి జూబ్లీహిల్స్ దిగిన చోట మొదలుపెట్టి పార్కు గేటు దాకా రోడ్డుకు ఒక పక్క కోన్లు పెట్టించారు. కారులో పార్కు ఉద్యోగులు ముగ్గురుంటే అందులో పోవచ్చు. ఎనిమిది నిమిషాలు. మామూలు దారిలో అయితే నలభై. ముగ్గురుండి కూడా మామూలు దారిలో పాకే కారు ఆ పార్కు మొత్తానికీ జగదీశ్‌ది ఒక్కటే. పైగా హైబ్రిడ్ కారాయె. నెమ్మదిగా పాకినంతసేపూ బ్యాటరీ మీద నడుస్తుంది, పెట్రోలు ముట్టదు. ప్రేమలో పడ్డవాడికి ఇంతకన్నా మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది?

అవును మరి, ప్రేమే. పక్క సీట్లో కూర్చున్న శ్రీనిధి మీద. ఆమె కంపెనీ వేరు, అదే పార్కులో పక్క బ్లాకు. కార్‌పూల్ యాప్‌లో కలిసిన పరిచయం. పొద్దున్నే ఫిల్మ్‌నగర్‌లో ఎక్కుతుంది, పార్కు గేటు బయట దిగిపోతుంది. సాయంత్రాలు ఎవరి టైము వాళ్లది. జగదీశ్‌కి ఆమె పక్కన ఉండేదల్లా ఈ ట్రాఫిక్ జాములోనే. అది కూడా పోతే ఇంకేం మిగులుతుంది పాపం!

ఆ నలభై నిమిషాలూ జగదీశ్ ఈ లోకంలో ఉండడు. ఇంజన్ ఆగిపోతుంది, కారు చడీచప్పుడు లేకుండా జారుతుంటుంది. జనవరి మంచులో జూబ్లీహిల్స్ బంగళాలు కనిపించీ కనిపించకుండా తేలుతుంటాయి. మొన్నొక రోజు షూటింగుకు పోతున్న ఇంద్రుడొకాయన, కిరీటం ఒళ్లో పెట్టుకుని, స్కూటరు వెనక కూర్చుని కునుకు తీస్తూ కనిపించాడు. శ్రీనిధి అటు చూసి, ఇటు చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఎంత నవ్విందో! ఆ నవ్వు వింటూ, ముందున్న బస్సు కదలకూడదు స్వామీ అని జగదీశ్ ఏడుకొండలవాడికి మొక్కేసుకున్నాడు.

"ఏమ్మా శ్రీనిధీ, నువ్వైనా చెప్పు ఈ పిసినారికి!" అన్నారు బసవపున్నయ్య గారు.

"నాకేం తొందర లేదండీ," శ్రీనిధి కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "ఈ దారే బాగుంది."

జగదీశ్ గుండె గాల్లో తేలింది. దారి బాగుందట! దారేనా, ఇంకేమన్నానా? అడగాలి. ఇవాళ అడిగెయ్యాలి. ఊపిరి గట్టిగా పీల్చుకున్నాడు.

"ఏందంటే శ్రీనిధి గారూ, నేను చానా రోజుల సంది..."

ఠక్కున వెనక తలుపు తెరుచుకుంది. బసవపున్నయ్య గారు అన్నంత పనీ చేశారు. ఒక కాలు అప్పుడే రోడ్డు మీద ఉంది. వెనక కార్లన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి.

"అయ్యో, దిగకుండ్రి సార్! మీకు దండం పెడత! తిప్పుతున్న!"

కారు కోన్లు దాటి లేన్లోకి తిరిగింది. ఇంజన్ గుర్రుమంది. స్టీరింగ్ వెనక తెర మీద మైలేజీ అంకె ఇరవై రెండు, ఇరవై, పదిహేడు అంటూ దిగిపోయింది. మంచి నిద్రలో ఉండగా మొహాన నీళ్లు కొట్టినట్టయింది జగదీశ్‌కి. రేపటి నుంచి రోజూ ఎనిమిదే నిమిషాలు. ఎనిమిది నిమిషాల్లో మనసులో మాట చెప్పడానికి అతడేమన్నా సినిమా హీరోనా? ఏడుపొచ్చినంత పనైంది.

"అబ్బ, ప్రయాణమంటే ఇదీ!" అని బసవపున్నయ్య గారు హాయిగా వెనక్కి వాలారు.

శ్రీనిధి మాత్రం హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. "నన్ను ఇక్కడే దింపెయ్యండి జగదీశ్ గారూ," అంది ఉన్నట్టుండి.

"గీడ ఆపొద్దండి. గేటు గదే, వచ్చేసినం."

గేటు దగ్గర సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముగ్గురి ఐడీ కార్డులు చూపెట్టుండ్రి సార్. ఇయ్యాల్టి నుంచి చెకింగ్. నిన్న ఒకాయన లేను కోసమని ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులకు టైలు కట్టించి తోలుకొచ్చిండు."

జగదీశ్ చూపించాడు. బసవపున్నయ్య గారు చూపించారు. శ్రీనిధి బ్యాగు తెరిచింది, మళ్లీ మూసేసింది.

"మేడమ్, మీ కార్డు?"

"లేదు."

"మరిచిపోయిన్రా? ఫికర్ చేయకుండ్రి, నేను మాట్లాడ్త," అన్నాడు జగదీశ్.

"ఏంది, మేడమ్ గూడ జూనియర్ ఆర్టిస్టేనా?" సెక్యూరిటీ అతను కారులోకి తొంగి చూశాడు.

శ్రీనిధి తల వంచుకుంది. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"నేనిక్కడ ఉద్యోగం మానేసి రెండు నెలలైంది జగదీశ్ గారూ," అంది అతడి మొహం చూడకుండా. "ఇప్పుడు చేసే డబ్బింగ్ స్టూడియో ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి ఎదురుగానే."