పదకొండులో ఒక్కటి

"మాగ్నానిమస్... మాగ్నానిమస్..."

సెలైన్ సీసా మారుస్తూ కొనాడు అనే నర్సమ్మ గొణుక్కుంటోంది.

రోజుకి ఇరవై ఇంగ్లీషు విశేషణాలు బట్టీ పట్టాలని పంతం. ఇంగ్లండులో ఉద్యోగం రావాలంటే భాషా పరీక్ష గట్టెక్కాలి. వ్యాసం దగ్గర రెండుసార్లు తప్పింది. ఈ శనివారం కూడా తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

"ఆ మాట ఎవరికోసమమ్మా?" అన్నాడు ఆరో మంచం తాత. ఆసుపత్రిలో చేరి పది రోజులైనా ఆయన్ని చూడ్డానికి ఒక్కరూ రాలేదు.

"ఎవరికోసమేంటి తాతా, పరీక్షకి!"

"కొలత తీసుకోకుండా చొక్కా కుడితే వదులవదూ?"

"అబ్బో! పేపర్లు దిద్దేది నువ్వేనా ఏంటి?"

పక్క మంచాలవాళ్లు పకపకా నవ్వారు. తాత కూడా నవ్వాడు.

"ఏం రాశావో చదువు, విందాం."

వదిలేలా లేడని చదివింది. వాళ్లమ్మ గురించి రాసిన వ్యాసం. మొదటి వాక్యంలోనే పదకొండు విశేషణాలు.

"మీ అమ్మ ఏం చేసేది?"

"కెజేటియా బజార్లో కెంకే అమ్మేది, మొక్కజొన్న పిండి ముద్దలు. నా తొమ్మిదో ఏట పోయింది."

"పేరు?"

"అఫ్రాకోమా."

తాత ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"పది కొట్టెయ్. ఒక్కటే ఉంచు. అది ఆవిడ ఒక్కర్తికే సరిపోవాలి."

"ఒక్కదానికి మార్కులెవరిస్తారు? పడుకో తాతా!" విసురుగా మంచం చుట్టూ తెర లాగేసింది.

శనివారం పరీక్షలో ప్రియమైన మనిషి గురించి రాయమన్నారు. అమ్మ మీద మళ్లీ ఆ పదకొండు విశేషణాలూ పేర్చాక కలం ముందుకు కదల్లేదు. గుర్తొచ్చిందల్లా అమ్మ అంత్యక్రియలే. మామయ్య చేతిలో పెట్టిన నివాళి కాగితం, చర్చి నిండా జనం ఏడుస్తుంటే తను చదివింది. అందులో ఉన్న విశేషణం ఒక్కటే: వెచ్చని. పొద్దున్నే వేడి ముద్దలు ఆకుల్లో చుట్టే అమ్మ చేతుల గురించిన మాట.

పది కొట్టేసింది. ఆ ఒక్కటే ఉంచింది.

ఫలితం వచ్చింది. గట్టెక్కింది!

తాతకోసం తియ్యటి మాల్ట్ పానీయం సీసా కొని వార్డుకి పరుగెత్తింది. ఆరో మంచం మీద దుప్పటి మారుస్తున్నారు.

"నిన్న మధ్యాహ్నం పోయాడు," అంది పెద్ద నర్సు. "ఆ పిల్ల ఫలితం వచ్చిందా అని రెండుసార్లు అడిగాడు."

కొనాడుకు సిగ్గేసింది. ఆయన పేరేమిటో కూడా ఏనాడూ అడగలేదు.

"ఈ సంచి ఇవ్వడానికి ఎవరూ లేరు. ఊళ్లో సగం చావులకి నివాళి రాసిచ్చింది ఈయనేనట. చదివేవాళ్లు తామే రాశామంటారుగా, ఈయన పేరెవరు చెప్తారు? ఇప్పుడు ఈయనకి రాసే దిక్కే లేదు."

సంచి నిండా పాత చిత్తుప్రతులు. ఒక్కొక్కటే తిప్పింది.

అమ్మ పేరున్న కాగితం దగ్గర చెయ్యి ఆగిపోయింది. మామయ్య తనే రాశానని చెప్పుకున్న మాటలే, అక్షరం తేడా లేదు.

పైన అంచులో తాత తనకోసం రాసుకున్న గుర్తు ఉంది: "చదివేది తొమ్మిదేళ్ల పిల్ల, గొంతుకు అడ్డంపడే మాట ఒక్కటీ వద్దు."