వరండా తీర్మానం

"అడిగింది వరండాయేగా! వంటింట్లోకి వస్తానందా?" టైలరు గొంతు పెంచాడు.

"ఈవేళ వరండా అంటారు, రేపు గది అంటారు. ఎల్లుండి మనల్నే ఎవరు మీరంటారు," అన్నారు ప్రెసిడెంటుగారు.

అపార్టుమెంటు సంఘం మీటింగు జోరుగా సాగుతోంది. బయట వాన అంతకంటే జోరుగా ఉంది. పెద్దమనుషులంతా పొట్టి బెంచీల మీద మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. అయినా హుందాతనానికి లోటు రానివ్వడం లేదు. ప్రెసిడెంటుగారి చొక్కా చేతులు కాస్త పొట్టివే గానీ, మాట మాత్రం ఎప్పట్లాగే బారెడు.

తగువల్లా ఓ మూరెడు చోటు గురించి. వెనక ప్రహరీ అవతల టార్పాలిన్ కింద ఓ ముసలమ్మ, ఆవిడ కూతురు ఉంటున్నారు. కూతురికి నెలలు నిండాయి. వాన నీళ్ళు టార్పాలిన్ కిందకి వచ్చేశాయి. కాన్పయ్యేదాకా వెనక వరండాలో తలదాచుకుంటామని ముసలమ్మ పొద్దున సెక్రటరీ కాళ్ళావేళ్ళా పడింది. "నేను మాట్లాడతాలే అమ్మా," అని అతను మాటిచ్చేశాడు. ఇచ్చేటప్పుడు తేలిగ్గానే ఉంది. ఇప్పుడు నిలబెట్టుకోవడమే బరువుగా ఉంది.

పక్కనున్న భార్య మోచేత్తో పొడిచింది. "ఏమండీ, మాట్లాడరేం?"

"ఉండవే, అదను చూసుకోనీ."

"మీకు అదను దొరికేసరికి ఆ పిల్ల నీళ్ళలోనే కంటుంది," అంటూ ఆవిడ బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తిని విసురుగా సర్దుకుంది.

ఇక తప్పదని సెక్రటరీ లేచాడు. "అది కాదండీ... పాపం, నెలలు నిండిన పిల్ల..."

"పాపమంటే నాకూ పాపమేనండీ," లాయరు అందుకున్నాడు. "కానీ జాలి వేరు, సెక్యూరిటీ వేరు. వాళ్ళెవరో, ఎక్కణ్ణించి ఊడిపడ్డారో మనకేం తెలుసు? రేపు ఏదైనా పోతే ఎవరిది పూచీ?"

"మన దగ్గర పోవడానికేముందండీ?" అని నవ్వాడు టైలరు. తోడుగా ఎవరూ నవ్వలేదు. గ్రౌండ్ ఫ్లోరు మాటకి పై అంతస్తుల్లో ఏనాడూ విలువ లేదు.

"ఉన్న బాత్రూములే చాలక చస్తున్నాం. ఇంకో ఇద్దరా? నావల్ల కాదు బాబూ," అన్నారు మూడో అంతస్తు పిన్నిగారు. "అయినా ఇలాంటివాళ్ళని చూడ్డానికి గవర్నమెంటు లేదూ? మనం టాక్సులు కట్టలేదూ?"

"బాగా చెప్పారు!" ప్రెసిడెంటుగారు బల్ల గుద్దారు. "కష్టపడితే ఇల్లెందుకుండదండీ? నేను కడుపు కట్టుకుని ఫ్లాటు కొనుక్కోలేదూ? ఒళ్ళొంచనివాళ్ళకే రోడ్డు. ఆ టార్పాలిన్లు తీయించెయ్యమని పొద్దున్నే వార్డాఫీసుకి ఫోన్ చేశాను కూడా."



"ఇవ్వొద్దనేవాళ్ళు చేతులెత్తండి," అన్నారాయనే.

చేతులు లేచాయి. లెక్క చూస్తే ఇవ్వొద్దని సగం, ఇమ్మని సగం. ఎటూ తేల్చనిది సెక్రటరీ ఒక్కడే. అందరూ అతని వైపే తిరిగారు. అతనికి పొద్దున గేటు ఊచలు పట్టుకుని ఆయాసపడుతూ నిలబడ్డ ఆ పిల్ల కళ్ళలో మెదిలింది. ఈ తీర్మానం కుదరదని ఒక్క మాట అనేస్తే సరి.

"మన సెక్రటరీగారు నా మాట ఎప్పుడు కాదన్నారు గనక!" ప్రెసిడెంటుగారు ముద్దుగా నవ్వారు.

సెక్రటరీ చెయ్యి లేచింది. అతనికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. కానీ చెయ్యి దించలేదు. భార్య లేచి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది.

ఆ కబురు చెప్పే పనీ అతని నెత్తినే పడింది. గొడుగేసుకుని వెనక గేటు దగ్గరికి వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు సామాను మూటగట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"రమ్మన్నారా బాబూ?"

"లేదమ్మా. అందరూ కలిసి... వద్దన్నారు."

"మీరేమన్నారు?"

సెక్రటరీ గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"పోనీలెండి. ఎవరి భయం వాళ్ళది," అంది ముసలమ్మ. కూతురు నడుం పట్టుకుని మెల్లిగా ఆ నీళ్ళలోనే మూట మీద కూలబడింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో వార్డాఫీసరు నిలబడి ఉన్నాడు. బట్టల్నించి నీళ్ళు కారుతున్నాయి. లోపలికి రావడానికి మొహమాటపడుతున్నాడు.

"రండి రండి, నూరేళ్ళాయుష్షు!" ప్రెసిడెంటుగారి మొహం వెలిగిపోయింది. "ఫోన్ చేశానో లేదో వచ్చేశారే! ఇప్పుడే మేమూ తీర్మానం చేశాం."

"మీరూ చేశారా?" ఆఫీసరు నీళ్ళు నమిలాడు. "ఈ వీధివాళ్ళంతా నిన్న మీటింగు పెట్టుకున్నారండీ. ఇళ్ళు లేనివాళ్ళు ఇక్కడ ఉండటానికి వీల్లేదని చేతులెత్తి తీర్మానించారు. పిల్లలూ, సెక్యూరిటీ, శుభ్రం... ఒకటే గొడవ. నేను ఎంత నచ్చజెప్పినా వినలేదు. రేపు పొద్దున్నే లారీ వస్తుంది. దయచేసి గొడవ చెయ్యకండి."

"మేమెందుకు గొడవ చేస్తామండీ? దగ్గరుండి ఎక్కిస్తాం," అన్నాడు లాయరు.

ఆఫీసరు అయోమయంగా చూశాడు. "మీరు పొరబడుతున్నట్టున్నారు."

"పొరబాటేముంది? ఆ గోడవతల వాళ్ళ గురించేగా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

ఆఫీసరు తలదించుకున్నాడు.

"కాదండీ, బిల్డింగు కూలిపోయి ఈ బళ్ళో తలదాచుకుంటున్న మీ గురించి."