వెన్నముద్ద

డెబ్బై ఒకటి డిసెంబరు. పాకిస్తాన్ సరిహద్దు ఊరు తుర్తుక్‌లో గుళ్లు పడుతుంటే అత్తాకోడళ్లు పెరట్లో తిండి చెడకుండా దాచే రాతి చలిగదిలో దూరి తలుపేసుకున్నారు. లోపల తినడానికి ఒక వెన్నముద్ద తప్ప ఏమీ లేదు.

హాజిరా చెయ్యి చాపితే అత్త ఆ చేతిమీద ఒక్కటేసింది.

"ముట్టుకున్నావంటే చూడు! మావాడు బయల్దేరిన నాడు దాచింది. స్కర్దూ పట్నంలో ఖుబానీ పళ్లమ్ముకుని వాడొచ్చాకే కోసేది."

"ఆయనొచ్చేలోగా నేను పోతానత్తా."

"పోవులే. రేపోమాపో వచ్చేస్తాడు."

తెల్లారి ఒక సిపాయి తలుపు తట్టాడు.

"బయటికి రండమ్మా, భయం లేదు. ఈ ఊరు ఇప్పుడు హిందుస్తాన్‌ది."

"మరి స్కర్దూ?" అంది అత్త.

"అది పాకిస్తాన్‌లోనే ఉండిపోయిందమ్మా."

అత్త వెనక్కి వెళ్లి, వెన్నముద్ద కోసి కోడలి చేతిలో పెట్టింది.

"తినవే."