ఆదివారం ఫోను

"శాంతి కోసం పుట్టించిన భాషలో మొగుణ్ణి ఎలా తిట్టనే, ఎటెల్కా?"

చేతిలో వేడి రొట్టెతో యెర్బులాత్ గుమ్మం బయటే ఆగిపోయాడు. లోపల అతని భార్య పిరోష్కా ఫోన్లో చెల్లెలితో హంగేరియన్‌లో మాట్లాడుతోంది.

అతను కజాఖ్. ఆమెది హంగేరీ. దేశాల మధ్య శాంతి కోసం కల్పించిన ఎస్పెరాంతో భాష మహాసభలో కలిశారు. ఆ సోవియట్ రోజుల్లో, పెళ్లయ్యాక, అతని ఊరు అల్మా-అతాలో వాళ్ల కాపురమంతా ఎస్పెరాంతోలోనే సాగింది. ఎవరి సొంతమూ కాని భాష, కాబట్టి ఎవరిదీ పైచేయి కాదని అతను మురిసిపోయేవాడు. అయినా ఈ పెళ్లిరోజుకి ఆమె భాషలోనే పలకరించాలని, ఇద్దరూ వెళ్లే ఎస్పెరాంతో క్లబ్బులో ఒక పెద్దాయన దగ్గర రహస్యంగా హంగేరియన్ నేర్చుకున్నాడు.

తీరా ఇంట్లో అతనికి అర్థమైన మొదటి మాటలివి.

"ఎప్పుడూ వాళ్ల తమ్ముళ్లే. టీ పోస్తూ నేను నిలబడే ఉండాలి. ఒక్కసారైనా 'కూర్చో' అనడే!"

నిదానంగా, విడమరిచి చెబుతోంది. అతనికి ఒక్క మాటా తప్పిపోలేదు.

పెళ్లిరోజున ఆమెను ఎస్పెరాంతోలోనే పలకరించాడు. తమ్ముళ్లు వచ్చినప్పుడు మాత్రం టీ కాచే సమోవార్ దగ్గర తనే కూర్చున్నాడు.

"ఏంటన్నా, వదిన ఉద్యోగం నీకొచ్చిందా?"

"నోర్మూసుకుని తాగరా."

పిరోష్కా అతనికేసి చూసి నవ్వింది. ఆ నవ్వు దొంగసొమ్ములా అనిపించిందతనికి. ఇక వినకూడదనుకున్నాడు. కానీ ప్రతి ఆదివారం రొట్టె తెచ్చేసరికి ఆమె అప్పటికే ఫోన్లో ఉండేది, అతని కాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయేవి.

ఒక ఆదివారం ఆమె ఇంకా నిదానంగా అంది: "అమ్మ సమాధి చూడాలనుందే. అడిగితే, మళ్లీ తిరిగి రానేమోనని భయపడతాడు."

కొద్ది రోజుల్లోనే ఇద్దరికీ హంగేరీకి టిక్కెట్లు తెచ్చాడు.

"నా మనసులో మాట నీకెలా తెలిసింది?"

"ఏదో... తోచింది," అన్నాడు ఆమె ముఖం చూడలేక.

సెగెద్ స్టేషన్‌కి ఎటెల్కా ఎదురొచ్చింది. పిరోష్కా కాఫీ తేవడానికి వెళ్లగానే అతను ఎటెల్కా ముందు తలొంచుకున్నాడు. వచ్చీరాని హంగేరియన్‌లో, "నన్ను క్షమించమ్మా," అన్నాడు. "ఆదివారాలు మీ అక్కాచెల్లెళ్లు ఫోన్లో చెప్పుకున్నవన్నీ చాటుగా విన్నాను. తనకి చెప్పే ధైర్యం లేదు. ముందు నువ్వైనా నన్ను తిట్టు."

ఎటెల్కా తెల్లబోయి చూసింది.

"మా ఇంట్లో ఫోనెప్పుడుంది, బావా?"