పెద్ద చిప్పే కావాల

పొద్దున బాగుచేసి పంపిన ల్యాప్‌టాప్ సాయంత్రానికే వెనక్కి వచ్చింది. చంద్రకాంతమ్మ దాన్ని దుప్పటిలో చుట్టి తెచ్చింది.

“చంటిబిడ్డా ఏంది అవ్వా, దుప్పటి కప్పినావు?” అన్నాడు గిరిప్రసాద్.

పలమనేరు బస్టాండు ఎదురుగా అతనికి రిపేరు షాపు ఉంది. ఆ మెట్లెక్కే వాళ్ళలో మిషను విలువ తెలిసినవాడు ఒక్కడూ లేడని అతని అభిప్రాయం.

“ముందు గుర్రుమనేది గదప్పా. ఇప్పుడు సప్పుడే లేదు.”

గిరిప్రసాద్ నవ్వాడు. ఆ చప్పుడు ఆపమని వచ్చేవాళ్ళనే ఇన్నాళ్ళూ చూశాడు.

“సూడవ్వా. దీంట్లో గ్రాఫిక్స్ చిప్పులు రెండుండాయి. చిన్నది ప్రాసెసర్‌లోనే ఉంటాది. సినిమాలు చూసేకి చాలు. పెద్దది వేరేగా ఉంటాది, పెద్ద పెద్ద ఆటలకు. కరెంటు తాగుతాది, పెనం మాదిరి కాలతాది. అందుకే ఫ్యాను గుర్రుమంటాది. నీకెందుకులే అని పొద్దున దాన్ని ఆపేసినా. ఛార్జరు పిన్నుకే దుడ్డు తీసుకున్నా. ఇది ఊరికే చేసినా.”

“ఆ పెద్దదే కావాలప్పా.”

అతను మూత తెరిచాడు. తెర మీద కార్ల పందెం ఆట. తక్కిన కార్లన్నీ వెళ్ళిపోయాయి. ఆమె కారు మొదటి గీత దగ్గరే నిలబడి ఉంది.

“ఈ వయసులో కార్ల ఆటా? అది కూడా రాదు నీకు. కారు కదల్లేదు సూడు.”

“కదలకపోతే పోనీ. ఆట మాత్రం ఆపొద్దు. మనవడు పెట్టిచ్చి పోయినాడు. అది కాదప్పా, ఇంట్లో...”

“మీ ఇంటి కత నాకొద్దులే.”

“ఇంకో వారం నడిస్తే చాలప్పా. ఆగిందంటే అన్నీ పోతాయి.”

అన్నీ అంటే ఫైళ్ళే కదా. గిరిప్రసాద్ మనవడి సినిమాలూ ఫోటోలూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇంక ఏదీ పోదు.”

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది గుర్రుమంటాదా?”

గిరిప్రసాద్ పెన్‌డ్రైవ్ లాక్కుని డ్రాయర్‌లో పడేశాడు. “రేపు రా, చూద్దాం.”

“రేపటిదాకా తాళదు. ఇప్పుడే చెయ్.”

వాదించడం దండగ అనిపించింది. చిన్న చిప్పును పక్కన పెట్టి అన్ని పనులూ పెద్దదానికే అప్పజెప్పాడు. కరెంటు పొదుపు తీసేశాడు. కాసేపటికి ఫ్యాను గుర్రుమంది. చంద్రకాంతమ్మ మిషను మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, తల ఊపింది.

“హారతి గూడా ఇయ్యి,” అన్నాడు. “వారమైనాక ఏం జేస్తావు?”

“ఆపేస్తా. ఇంక దాంతో నాకేం పని?”

“కాలిపోతే ఈడికి రావద్దు.”

ఆమె మెట్లు దిగక ముందే పక్క టీ కొట్టతనికి వినబడేలా అన్నాడు: “ఇట్లాంటోళ్ళకు మిషన్లు కొనిపెట్టేవాళ్ళను అనాలబ్బా.”

వారం దాటాక ఆమె మళ్ళీ మెట్లెక్కింది. ల్యాప్‌టాప్ లేదు. చేతిలో గంప, దాని మీద అదే దుప్పటి.

“కాలిపోయిందా?” అన్నాడు గిరిప్రసాద్, తల ఎత్తకుండానే.

“గుడ్లు పొదగతా ఉన్న పెట్టను కుక్క ఎత్తుకపోయిందప్పా, తక్కిన దినాలు నీ పెద్ద చిప్పే పొదిగింది,” అంటూ చంద్రకాంతమ్మ దుప్పటి తీసి, ఒక కోడిపిల్లను అతని బల్ల మీద వదిలింది.