మొదటి ముక్క

మిఠాయి వ్యాపారం మొదలుపెట్టిన రోజు అతని చేతిలో ఉన్నవి మూడే. వీధిలోకి తలుపున్న వంటగది, పాకం పట్టడం తెలిసిన భార్య, పాత సామాన్లవాడితో బేరమాడి తెచ్చిన రాగి బాండీ.

కూతురు బుజ్జిని ఆ లెక్కలో కలపలేదు.

"ఇది తినే ఖాతా, తెచ్చే ఖాతా కాదు" అని నవ్వేవాడు.

"లోపల తగరం పూత అరిగింది, వేయించుకో అన్నా" అని సామాన్లవాడు అమ్మేటప్పుడే చెప్పాడు.

వ్యాపారం నిలదొక్కుకున్నాక చూద్దాంలే అనుకున్నాడతను. పూతకు బదులు రోజూ బూడిదతో తోమాడు. లోపలంతా ఎర్రగా మెరిసేదాకా తోమి, అద్దంలా ఉందని మురిసిపోయాడు.

ఒక ఉదయం భార్య గరిటెతో బాండీ అంచు మీద తట్టింది.

వీధిలో పోతున్న ముసలావిడ టక్కున ఆగింది. కళ్ళ మీద తెల్లటి పొర. చెవి ఒగ్గి వింది.

"ఆ బాండీ ఎక్కడిది నాయనా?"

"కొన్నాను పెద్దమ్మా. మిఠాయి కావాలా?"

"లోపల పూత ఉందా?"

"మెరిసిపోతోంది."

"అది మంచి బాండీ కాదు. నాకిచ్చెయ్యి."

అతను నవ్వాడు. "ఇచ్చేసి నేను గరిటె పట్టుకుని నిలబడనా? నిన్నెవరు పంపారు, పక్క వీధి మిఠాయివాడేనా?"

ఆవిడ ఒక ముక్క కొని అక్కడే నిలబడి తింది. ఎదుటి బెంచీ మీద కూర్చుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, అతని తలుపువైపే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు తలుపు తీసేసరికి గడప ముందు ఉంది.

ఆ మర్నాడూ అంతే. వానలోనూ వచ్చింది. రోజూ మొదటి ముక్క ఆవిడదే. తినడం, బెంచీ మీద కూర్చోవడం, రెప్ప వెయ్యకుండా చూడటం. ఎవరైనా తొందరగా కొనడానికి వస్తే, "కాసేపు ఆగండి, వేడిగా ఉంది" అని బెంచీ మీద నుంచే ఆపేది.

"ఏమండీ, ఆవిడ చూపు నాకు బాగోలేదు" అంది భార్య.

"అసలు చూపే లేదు కదే, ఇంక బాగోకపోవడమేంటి?"

"మన తలుపు తెరవకముందే ఆ బెంచీ దగ్గర ఊపిరి వినిపిస్తుంది. నాకు ఒళ్ళు జలదరిస్తోంది."

"బోణీ చేసే మనిషిని పొమ్మంటానా? నోరు మూసుకుని పాకం చూడు."

అలా ఉండగా పుల్లటి పళ్ళు చవగ్గా దొరికాయి. వాటి రసంతో కొత్త మిఠాయి చేయించాడు. ఇంకో పళ్ళెం కొనడం దేనికని బాండీలోనే ఆరబెట్టి, తెల్లవారేదాకా వదిలేశాడు.

పొద్దున చూస్తే మిఠాయికి లేత పచ్చ రంగు వచ్చింది. చుట్టూ ఒక్క చీమ లేదు.

"చూశావా! రంగు వెయ్యకుండానే రంగు. చీమల బెడదా లేదు" అన్నాడు సంబరంగా.

ముసలావిడ మొదటి ముక్క తింది. బెంచీ మీద కూర్చుంది.

లోపల బుజ్జి బాండీ చుట్టూ తిరుగుతోంది. "నాన్నా, ఒక్కటి."

"బేరాలు అవనీ."

ఇంతలో ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చి గడపలో నిలబడింది. మొహమంతా చెమట.

"మొత్తం నాకు కట్టు."

"మొత్తమా? నీ దగ్గరేముంది పెద్దమ్మా?"

చెవుల కమ్మలు తీసి బల్ల మీద పెట్టింది. బంగారం. అతను కొరికి చూసుకుని, మిఠాయంతా ఆవిడ సంచిలో వెయ్యసాగాడు.

బుజ్జి అప్పటికే ఒక ముక్క తీసింది. ఆ చప్పుడుకి ముసలావిడ చెయ్యి సూటిగా వెళ్ళి, పిల్ల చేతి మీద ఫట్‌మని కొట్టింది. ముక్క కింద పడింది. వంగి, నేలంతా తడిమి, దాన్నీ సంచిలో వేసుకుంది.

"పసిపిల్లకి ఒక్కటి ఉంచకూడదా?" భార్య అరిచింది.

"ఉంచను."

"ఇంత ఆశేంటమ్మా నీకు?"

ఆవిడ అతనివైపు తిరిగింది. "చెబితే వినలేదు. బేరమైతే నీకు అర్థమవుతుంది నాయనా."

సంచి ఈడ్చుకుంటూ వెళ్ళింది. అతనికి అంత మంచి బేరం అదే మొదలు.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అయినా తలుపు తీస్తుంటే ఎదుటి బెంచీ నుంచి ఎవరో చూస్తున్నట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం పాత సామాన్లవాడు గోనెసంచితో దిగాడు. అందులోంచి రాగి గరిటె తీసి బాండీ అంచు మీద తట్టాడు. ఖంగుమంది.

"జోడీ కలిసిందన్నా! ఇది కూడా ఆ ఇంటిదే."

"ఏ ఇంటిది?"

"కళ్ళకి పొరలున్న ముసలావిడ. పోయింది పాపం. వాంతులట. నా అన్నవాళ్ళు లేరు, సామాను ఎత్తుకుపొమ్మని కబురొచ్చింది. పెరట్లో గుంట తీసి మిఠాయిలు పూడుస్తూ మధ్యలోనే ఒరిగిపోయిందట. సగం పైనే ఉన్నాయి. ఒక్క చీమ ముట్టలేదన్నా!"

భార్య బుజ్జిని దగ్గరికి లాక్కుంది.

"ఈ బాండీ..." అతను బాండీ మీంచి చెయ్యి తీసేశాడు.

"కరిగించెయ్యమని ఇచ్చింది. ఇంత మంచి బాండీని ఎవరైనా కరిగిస్తారా చెప్పు? పూత పోతే రాగి విషం దిగుతుందని తెలియక ఆవిడ ఇందులోనే మిఠాయి చేసిందట, అది తిని మనవరాలు పోయింది. అందుకే నీకు చెప్పాను కదా, పూత వేయించుకో అని."

ఆ సాయంత్రం అతను బాండీని గొడ్డలితో రెండు ముక్కలు చేసి లెక్క చూసుకున్నాడు.

పోయింది బాండీ, మిగిలినవి ఒక జత కమ్మలు, వాకిట్లో గెంతుతున్న బుజ్జి, తను బతికి ఉంటేనే మిగతావాళ్ళు తినాలని రోజూ మొదటి ముక్క తిన్న ఒక మనిషి ఖాళీ బెంచీ.