తెప్ప కింది వరస

వరదనీరు పుట్టలోకి రాగానే చీమలన్నీ కాళ్ళూ కాళ్ళూ పెనవేసుకుని తెప్పలా తేలాయి. కాసేపు మునిగి మోసినవి పైకెక్కాలి, పైనున్నవి కిందికి దిగాలి. అదీ ఆనవాయితీ. కింది వరసలో ఉన్న కెంపికి ఊపిరాడటం లేదు.

"అక్కా, నా వంతు ఎప్పుడో అయిపోయింది. ఇక దిగు," అంది.

"మనలో మనకు వంతులేమిటే? అందరం ఒకటేగా," అంది పైచీమ, మీసాలు ఆరబెట్టుకుంటూ.

"ఒకటే అయితే తనే దిగొచ్చుగా," అని గొణిగింది కెంపి పక్కనున్న చెల్లెలు. "వదిలేద్దామే అక్కా."

వదిలేస్తే తెప్ప విడిపోతుంది. పైన గుడ్లున్నాయి. కెంపి పట్టు బిగించింది. కాసేపటికి చెల్లెలు మాట్లాడటం మానేసింది.

తెప్ప గట్టుకు తగిలింది. ఐకమత్యమే గెలిచిందని నినాదాలిస్తూ పైవన్నీ లేచాయి. కింది వరసలో కెంపితో సహా ఒక్కటీ కదల్లేదు. ప్రాణం పోయినా పట్టు విడవని ఆ కాళ్ళ మీదుగానే అవి గట్టెక్కాయి.